గరికపోచ

దేవరకొండ కోటకు తూర్పున, మా బత్తాయితోట గట్టు మీద
ఒక వీరుడి రాయి.
నడుము దాకా మట్టిలనే ఉన్నడు.
మోటరు పైపు ఆయన భుజానికే ఆనిస్తం.

లెంక బొప్పన అంటరు.
వీరభద్రుని గుళ్లె కత్తి మొన నాలుకకు తాకిచ్చి
ఒట్టేసుకున్నడట:
వెన్ను చూపినోణ్ణి వెయ్య,
పుట్ట ఎక్కినోణ్ణి ముట్ట,
గడ్డి కరిచినోణ్ణి కాపాడుత,
ఏలిక చెప్పినంక మారు మాటాడ.
నాలుగు మాటలు. ఒక్క నాలుక.

డిండి వాగు అవతల యుద్ధమైననాడు
ఏలిక చెప్పిండు: ఒక్కణ్ణి గూడ మిగలనియ్యకు.
పొద్దు వాలేటప్పుడు
బొప్పనకు ఒక పిలగాడు దొరికిండు,
నోట్ల గరిక.

శరణు కాదది. ఆకలి.
మూడు దినాల సంది తిండి లేక
మేకపిల్ల లెక్క నములుతున్నడు,
కత్తి దిక్కు సూడనన్న సూడలే.

ఒట్టుల ఆకలి మాట లేదు.
బొప్పన శానాసేపు నిలబడ్డడట,
గుర్రం తోకతోని ఈగలు తోలుకునే చప్పుడు తప్ప ఏం లేదట.
ఆనక మూట విప్పి
సగం జొన్నరొట్టె పెట్టిండు.
మిగతా సగం తనే తిన్నడు. ఆయనకూ ఆకలే.

కాలి పెండేరం ఏలిక ముందర ఇడిచి
"నాలుగోది తప్పిన" అన్నడు.
అంతే. ఆ తర్వాత తల సంగతి ఎవ్వరూ చెప్పరు.

రాయి చెక్కినోడు మాత్రం
కుడిచేతిల కత్తి చెక్కలే.
ఏదో సన్నగ, పొడుగ్గ ఉన్నది.
మా సాయమ్మత్త గరికపోచ అంటది.
నేను రాయి పగులంట.

అయినా కలుపు తీసేటప్పుడు
ఆయన చుట్టూ మొలిసిన గరిక
నేను పీకను.