కుట్టు పక్కన గుడ్డ

కంచరపాలెం గేటు పడితే
నా మిషను మీద కత్తెర కూడా వణుకుతుంది.
గూడ్సు బండి దాటేదాకా సూదిలో దారం ఎక్కించను.
పదమూడేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను.
గుడ్డ నడిమధ్య చిరగదు.
కుట్టు పక్కనే చిరుగుతుంది.
ఇది నాకెవరూ చెప్పక్కర్లేదు.

అయినా స్వర్ణకుమారి డాక్టరమ్మ
చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది:
"ఇది నీ గర్భసంచి. ఇది పాప పుట్టినప్పటి కోత.
కొత్తది లోపలికి దిగలేదు,
ఆ మచ్చలోనే గూడు కట్టుకుంది."
మచ్చకీ మూత్రాశయానికీ మధ్య ఎంతుందని అడిగాను.
రెండు మిల్లీమీటర్లు.
చీర అంచు మడవడానికి కూడా చాలదు.

"పెరగనిస్తే?" అన్నాడు ఎల్లాజీ.
పోర్టు నుంచి తిన్నగా వచ్చాడు, చొక్కా నిండా ఖనిజం ఎర్రధూళి.
"పెరిగేకొద్దీ పిగులుతుంది. రక్తం ఆగదు."
"తీసి సరైన చోట పెట్టలేరా?"
ఆ మాటకి ఆవిడ నవ్వలేదు.
అందుకే నమ్మాను.

గుండె కొట్టుకుంటోందా అని నేనడగలేదు.
తెర అటు తిప్పేసినప్పుడే తెలిసింది.

తొమ్మిదో నంబరు సూది, పదకొండు, పద్నాలుగు,
ఏ గుడ్డకి ఏదో నిద్రలో అడిగినా చెబుతాను.
ఆ పొడవాటి సూదికి నంబరు అడగబోయి
మానేశాను.

ఫోలిక్ మాత్రలు ఆపమన్నారు.
సగం మిగిలిన అట్ట బాబిన్ల డబ్బాలో ఉంది.

ఆపైన వారం వారం రక్తం.
పద్నాలుగు వేల రెండొందలు.
మరుసటి వారం పదహారు వేల తొమ్మిదొందలు!
మందు పడ్డాక కూడా పెరిగింది.
"మొదట్లో ఒక్కోసారి అంతే" అంది డాక్టరమ్మ.
నాకు మాత్రం లోపలెక్కడో, సిగ్గుగా, కాస్త గర్వం.
మొండిది, నా పోలికే అనుకున్నాను.
ఎల్లాజీకి కూడా చెప్పలేదు.

తర్వాత తొమ్మిది వేలు. మూడు వేలు. రెండొందల పన్నెండు.
పదో వారం మహారాణిపేట ల్యాబులో కుర్రాడు
"సున్నా కిందే లెక్కమ్మా, ఇంక బెంగ లేదు" అన్నాడు.
దారిలో బత్తాయిరసం ఇప్పించారు.
చల్లగా ఉంది. తాగాను.

"ఆర్నెల్లు ఆగు.
మళ్లీ నెల తప్పితే ఆరో వారంలోనే రా."
ఆ చీటీ కేలండరు మేకుకి గుచ్చాను.

ఇవాళ పార్వతీశం గారి కోడలొచ్చింది.
"పిన్నీ, ఐదో నెల, జాకెట్టు పట్టడం లేదు."
విప్పి చూశాను.
లోపల రెండువేళ్ల గుడ్డ ఉంది,
నేను కుట్టిందే కదా, ఎప్పుడూ వదుల్తాను.
పాత కుట్టు గాట్లు మాత్రం వరసగా కనిపిస్తాయి,
ఇస్త్రీ పెట్టినా పోవు.

గేటు పడింది.
సూది పైకెత్తి ఆగాను.