లాభం, రెండు, మూడు

ఆటోనగర్ మూడో రోడ్డులో
పిస్టన్ రింగుల షాపు పైన మా ఆఫీసు.
కింద గ్రైండర్ ఆగిపోయాక కూడా
నా చెవుల్లో కాసేపు తిరుగుతూనే ఉంటుంది.

పాములపాటి గారు నిన్న ఒక పట్టిక పంపారు.
ఒక లారీ, ఎనిమిది రోజులు, నిమిషానికో వరుస.
పదకొండు వేల ఐదువందల ఇరవై సార్లు
ఒక యంత్రం అదే ప్రశ్న అడిగి
రెండే జవాబులు రాసుకుంది.

ఆగింది ఆగింది ఆగింది ఆగింది
నడిచింది
ఆగింది ఆగింది

"ఎంతసేపు ఆగాడో తేల్చమ్మా,
జీతంలో చూసుకుందాం" అన్నారు.

తేల్చడం తేలికే.
ఒకే మాట ఉన్నవన్నీ ఒకచోట చేర్చమంటే
కోడ్ క్షణంలో చేర్చేసింది.
ఆగింది: మూడు వేల తొమ్మిదివందల నిమిషాలు.
అరవై ఐదు గంటలు!
ఆ అంకె పక్కన షేక్ బాజీ పేరు
దొంగ పేరులా కనిపించింది.

కానీ రాశి పోశాక
ఏ గింజ ఏ కంకిదో ఎవరు చెప్తారు?
సోమవారం ఆగడమూ గురువారం ఆగడమూ
ఒకే అక్షరాలు తొడుక్కున్నంత మాత్రాన
ఒక్కటే అయిపోతాయా?

మళ్ళీ మొదలుపెట్టాను.
ఆ నిలువు వరుస మొత్తాన్ని
ఒక మెట్టు కిందికి జరిపి
దాని పక్కనే దాన్ని నిలబెట్టాను.
ప్రతి గడినీ ఒకటే అడిగాను:
నీ పైవాడు అన్నదే నువ్వూ అన్నావా?
అంటే సున్నా.
అనకపోతే ఒకటి.
ఆ ఒకట్లను కూడుకుంటూ దిగితే
మాట మారిన చోటల్లా అంకె పెరుగుతుంది.
మారనంతసేపూ అదే అంకె,
బస్సులో ఒకే ఊరివాళ్ళలా
పక్కపక్కనే కూర్చుంటుంది.

రెండువందల పదమూడు ముక్కలు.
బేసివన్నీ ఆగినవి, సరివన్నీ నడిచినవి.

ముప్పై ఒకటి: నలభై నిమిషాలు ఆగింది.
ముప్పై రెండు: ఒక్క నిమిషం నడిచింది.
ముప్పై మూడు: ముప్పై ఐదు ఆగింది.
ముప్పై నాలుగు: మళ్ళీ ఒక్క నిమిషం.
ఇది నిద్ర కాదండీ.
గుంటూరు యార్డు గేటు బయట
మిరప ఘాటుకి తుమ్ముకుంటూ
బండి నిడివంత ముందుకి జరగడం,
ఇంజను కట్టేయడం.
డెబ్బై ఐదు, కాజ టోల్‌గేటు.
ఆ ఒంటి నిమిషాల వరుసలే లేకపోతే
నాకీ సంగతి తెలిసేదే కాదు.

ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు.
తెల్లారగట్ల, వారధి ఎక్కబోయే ముందు,
పదకొండు నిమిషాలు. ఏడుసార్లు.
బాజీకి ఫోన్ చేశాను.
"టైర్లు తట్టుకుంటానమ్మా, రాడ్డుతో.
మోతని బట్టి గాలెంతుందో తెలుస్తది.
పది టైర్లు, నిమిషానికొకటి."
"మరి పదకొండో నిమిషం?"
"అది నాదమ్మా."

కారణం అనే గడిలో ఏం రాయాలో
అరగంట ఆలోచించాను.
ఆ యంత్రం నన్ను చూసుంటే
ముప్పై వరుసలు నింపేది,
ఆగింది ఆగింది ఆగింది అని.

నూట ఏడు ఆగడాల జాబితా
పాములపాటి గారు మొదటి పేజీ దాటలేదు.
"ఇన్నెందుకమ్మా, ఒక్క అంకె చెప్పు చాలు."
అంకె నా నాలుక మీదే ఉంది.
"ప్రింటు మీ టేబుల్ మీదే ఉంది సార్" అన్నాను.

ఇంకో చిక్కుంది, ఎవరికీ చెప్పనిది.
అన్నిటికంటే పై వరుస.
దానికి పైన ఎవరూ లేరు.
నువ్వూ అదే అన్నావా అంటే
ఎవర్ని చూసి చెప్తుంది?
కోడ్ దాన్ని వేరు కిందే లెక్కేసి
ఒకటి ఇచ్చేస్తుంది. సరిపోతుంది కూడా.
నాకే ఎందుకో అక్కడ చెయ్యి నిలుస్తుంది.

కింద గోడౌన్‌లో హమాలీ పోలయ్య
బస్తాలు దించుతున్నాడు.
ఆ నోట ఒకటి అన్న మాట రాదు.
లాభం, రెండు, మూడు...

ఇంకా పద్నాలుగు లారీలున్నాయి.
తర్వాతి పట్టిక తెరిచాను.
మొదటి వరుస: ఆగింది.

లాభం.