లెక్కకు ఒకటి తక్కువ

రాత్రంతా యార్డులో వ్యాగన్లు లెక్కపెట్టి
యాభై ఎనిమిది అని రాసి, సంతకం పెట్టి వచ్చాను.
ఇప్పుడు పది గోళ్లు.

జ్ఞానాపురంలో ఎండ అప్పుడే గోడ దిగుతోంది.
ఎస్తేరు పిల్లకి నీళ్లు పోసి, ఒళ్లు తుడిచి, పాలు పట్టి
నా ఒళ్లో పడుకోబెట్టింది.
"నువ్వే తియ్యి. నాకు చేతులాడవు."

పోయిన నెల చూపుడువేలి కొసన
గోరుతో పాటు చర్మం పట్టింది కత్తెరకి.
ఆవగింజంత నెత్తురు.
శుభ్రమైన దూదితో అదిమి పట్టుకుంటే
కాసేపటికి ఆగింది.
ఎస్తేరు ఏడుపే మధ్యాహ్నం దాకా ఆగలేదు.

ఆ కత్తెర అటకెక్కింది.
ఇది పిల్లల కట్టర్, నా బొటనవేలి కన్నా చిన్నది,
పూర్ణా మార్కెట్‌లో బేరమాడకుండా కొన్న ఒకే ఒక్క వస్తువు.

జెసింత పిడికిలి బిగించే నిద్రపోతుంది
ఎవరో ఇచ్చిన చిల్లర జారిపోతుందేమో అన్నట్టు.
ఒక్కో వేలినీ బతిమాలి విప్పాలి.
విప్పితే ఏముంది,
గోరు కింద సన్నటి నల్ల గీత.
పాకడం మొదలెట్టి వారం కాలేదు,
పోర్టు బొగ్గు అప్పుడే దీని వేళ్ల దాకా వచ్చేసింది.
రోజుకి మూడుసార్లు తుడుస్తాం,
కిటికీ చువ్వల మీద మళ్లీ అదే కాటుక.

ఎదురింటి పైడమ్మ గుమ్మంలోంచే అంటుంది
"శుక్కురోరం గోళ్లేటి బాబూ, రేపు తియ్యరాదా?"
రేపటికి దీని బుగ్గ మీద ఇంకో గీత పడుతుంది పిన్నీ.
నా మెడ మీద ఇప్పటికే మూడు.
గేటు దగ్గర సన్యాసిరావు అడిగాడు, ఇంట్లో గొడవా అని.
అవునన్నాను,
ఏడు నెలల మనిషితో.

మా అమ్మ మా ఐదుగురి గోళ్లూ పళ్లతో కొరికి తీసేసేది.
టీకా వేసిన నర్సు వద్దంది,
నోట్లో ఉన్నదంతా వేలికెక్కుతుందట.
సరే.
వేలి కండని కిందికి నొక్కి
ముందు గోరుని ఒంటరి చెయ్యాలి.
తెల్లగా కనబడినంత మేరకే,
అందులోనూ పిసరు మిగిల్చి.
టిక్.
దానికి వినబడలేదు. నాకు వీపంతా చెమట.

ఇంటి వెనక గూడ్సు వస్తే
గోడ మీద మరియమ్మ పటం కూడా ఊగుతుంది.
అప్పుడు కట్టర్ ఎత్తి పట్టుకుని ఆగిపోవాలి,
ఊపిరితో సహా.
రైలుకీ రైలుకీ మధ్య దొరికిన సందులో
రెండు వేళ్లో, మూడో.
ఎప్పుడూ లేనిది, ఇవాళ బళ్లన్నీ టైముకే నడుస్తున్నాయి.

కాలిగోళ్లు రేపు. అవి అడ్డంగా కత్తిరించాలి,
మూలలు తవ్వితే మాంసంలోకి దిగుతాయట.
ఒక్కరోజుకి ఇంత ధైర్యమే ఉంది నా దగ్గర.

టాలీ పుస్తకం మీద కాగితం పరిచి
తీసినవన్నీ అందులో వేశాను,
నూకల కన్నా సన్నం.
అలవాటు కదా, లెక్కపెట్టాను.
తొమ్మిది.

దుప్పటి దులిపాం.
మెడ ముడతల్లో వెతికాం.
నోట్లో ఉందేమోనని వేలు పెట్టి చూస్తే
మెలకువొచ్చి, ఉన్న రెండు పళ్లతో పట్టుకుంది,
వదలదే.
ఎస్తేరు గదంతా ఊడ్చింది.
తొమ్మిదే.

రాత్రి యార్డులో, పెద్ద లైట్ల కింద,
ముప్పై ఆరు రాసి పేజీ తిప్పితే
కుట్టు దగ్గర తెల్లగా ఏదో మెరిసింది.
చిటికెనవేలిది.
ఊదితే పోతుంది. జేబులో వేస్తే పోతుంది.
ఎక్కడ పెట్టాలో తోచక నిలబడ్డాను,
బళ్లు నా ముందు నుంచి వెళ్లిపోతూనే ఉన్నాయి.

సూపర్‌వైజర్ వచ్చి
ఇన్నేళ్లలో నీ లెక్క తప్పలేదే, ఏమైందయ్యా అన్నాడు.
ఏం చెప్పను.
పిడికిలి బిగించుకుని విన్నాను.