ఇరవై అయిదు దాటగూడదు

మెటడోర్ అమ్మేసినాక మిగిలింది షెడ్డు.
నేలమీద నూనె మరక,
గోడమీద చెంగల్రాయుడు బొగ్గుతో రాసుకున్న
పాత లోడు లెక్కలు,
మూలన ఎండిన టమోటా గింజలు అతుక్కున్న
బాక్సు ఒకటి.

పలమనేరంటే చల్లంగా ఉంటాదని
కిందూర్లోళ్ళు చెప్పుకుంటారు.
వాళ్ళను ఏప్రిల్లో పట్టపగులు
ఆ రేకుల కింద ఒక్క గడియ నిలబెట్టాల.
పెనం మీద అట్టు ఒకపక్కే కాలతాది,
ఇక్కడ మనిషి తిప్పకుండానే రెండుపక్కలా.

పట్టు ఆఫీసు పిల్లోడు వచ్చి
గోడకు థర్మామీటరు తగిలించి
"ఇరవై అయిదు దాటగూడదక్కా" అనేసి పోయినాడు,
పాల లెక్క చెప్పినంత సులువుగా.
అప్పుడది ముప్పై తొమ్మిది.

పద్నాలుగు డిగ్రీలు.
చేతికి దొరకని దాన్ని
మెడబట్టి బయటికి తోసేదెట్ట?

ముందు మరకను సోడాతో మూడుసార్లు కడిగినా.
పురుగుకి డీజిలు వాసన పడదంట.
బీడీ అసలే పడదంట.
చెంగల్రాయుడు వీధి చివరికి పోయి కాల్చుకొని
నోరు పుక్కిలించి వస్తా ఉండాడు,
నాకోసం ఇరవై రెండేండ్లలో
ఒక్కనాడూ చెయ్యని పని.

రేకుల మీద సున్నం, గంజి కలిపి రెండు పూతలు.
దానిమీద చెరుకుసోగ, జానెడు మందం.
ఖాదర్ బాషా ఫ్రిజ్జుల అంగడెనకాల పారేసిన థర్మోకోలు,
ఫ్రిజ్జు మూలల ఆకారం ఇంకా పోని ముక్కలు,
కోసి, రేకులకింద కట్టుకమ్మీతో బిగిస్తే
రెయ్యంతా తెల్లటి పొట్టు
నా జుట్లోంచి రాలతానే ఉండింది.
షట్టరు కింద సందులోకి
పాత చీరలు మూడు చుట్టి తోసినా.
ఒకటి పెండ్లిది.
పట్టుది కాదులే, ఆర్టు సిల్కు.

గోనెపట్టాలు తడిపి కిటికీకి యాలాడదీస్తే
థర్మామీటరు దిగింది,
అలిగిన చుట్టం మెట్లు దిగినట్టు.
ముప్పై ఆరు. ముప్పై ఒకటి.
ఏడోనాడు ఇరవై ఆరు కాడ నిలబడి
ఇంక కదలనంటే
ఆ ఒక్కదానికోసం రెండు బిందెలు
నేలమీద చల్లినా,
కుళాయి మూడునాళ్ళకొకసారి వచ్చే వీధిలో.

పురుగులొచ్చినాయి, కొత్తిమీర గింజంత.
నాలుగు జ్వరాలు వాటికి.
ఒక్కో జ్వరానికీ ఆకు ముట్టకుండా తలెత్తి నిద్రపోయి
పాత తోలు విడిచి లేస్తాయి.
నాలుగోది తీరినాక తినే చప్పుడు, వాన చప్పుడే.
ఒక రెయ్యి ఉలిక్కిపడి లేచి
ఆరేసిన మిరపకాయలు ఎత్తుకొద్దామని ఉరికినా.
బయట నిండా చుక్కలు.

అత్త కూడా చాప చంకనబెట్టుకొని వచ్చి
"పురుగులకుండే యోగం" అంటా
ఆ పక్కన ఒదిగింది.
ఇంట్లో ఫ్యాను
ఎవురికీ వద్దనే ఉడుకు గాలి తిప్పతా ఉండింది.

చంద్రికల మీదికి ఎక్కినాక
పురుగు తనచుట్టూ తానే కట్టుకుంది.
సున్నం లేదు, సోగ లేదు,
నోట్లోంచి తీసిన ఒకే దారం.
మూడునాళ్ళకి కనబడకుండా పోయినాయి.
సందు ఒక్కటీ వదల్లేదు.
నేను షట్టరు కింద చీరల్ని చూసి
నవ్వుకున్నా.

కిలో ఐదువందల పదహైదు పలికింది.
బాకీ డబ్బులకు బుడన్ సాబు కాడికే పోతే
ఆయనదీ రేకుల షెడ్డే.
గూడు ఒకటి వేళ్ళతో నొక్కి
"పొర గట్టిగా ఉందమ్మా,
ఎండ తగలనీలేదు నువ్వు" అని మెచ్చుకున్నాడు.
ఆయనెనకాల బానలో
నీళ్ళు తెర్లతా ఉండాయి.

బస్సులో నేనేమీ మాట్లాళ్ళేదు.
ఇంటికొచ్చి బ్లీచింగు చల్లి, నేల కడిగి
అలవాటుగా గోడవైపు చూసినా.
ఇరవై అయిదు.
ఎవురూ లేరు లోపల.

"ఇప్పుడన్నా ఇక్కడ కాల్చుకోవచ్చునా?"
చెంగల్రాయుడు అగ్గిపెట్టె పట్టుకొని
వాకిట్లో నిలబడినాడు.
"వీధి చివర్నే" అన్నా.
బుధవారం మళ్ళీ వస్తాయి.