యాభైకి ఒకటి తక్కువ

కట్టెలు వేశాక ఇరవై నిమిషాల దాకా
బాయిలర్ నన్ను పిలవదు.
ఆ ఇరవై నిమిషాలే నా యుద్ధ శిబిరం.

ఒతారులో మంచు కిటికీ సగం దాకా లేచింది.
గోడకవతల ఆడవాళ్ళ స్నానాల వైపు
ఎవరో చెక్కతొట్టి బోర్లించిన చప్పుడు.
ఇవతల, మసి ఆరని నా వేళ్ళ మధ్య
చినాత్సు ఆటడబ్బా.

"శుక్రవారం వచ్చేస్తాను, కినుఎ అత్తా.
ఆరింటినీ యాభై లెవెల్‌కి తీసుకురా.
తలుపు మాత్రం తెరవకు.
లోపలి నలుగురు గురువులూ, ఆ పైన కూర్చున్న రాణీ
నా వాళ్ళు. నేనే కొట్టాలి."
పొట్ట పట్టుకునే చెప్పింది ఇదంతా.
అపెండిక్స్.
వాళ్ళ నాన్న స్క్విడ్ పడవ ఇంకా నడిసముద్రంలోనే ఉంది.
అంబులెన్సులో పక్కన కూర్చున్నది నేను.

యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. రాక్షసుల్ని పెంచడం ఇదే మొదలు.
నిప్పుని పెంచడం తెలుసు.
మంచి కట్టెలు ముందే తగలేస్తే
తెల్లారేసరికి తొట్టిలో చన్నీళ్ళే.
అందుకే మంచు గురువు మీదికి పొయ్యిపీత తెత్సు,
గాలిపక్షుల మీదికి రాతిపంది గొంటా,
నక్క మిజోరేని ఎవరికీ చూపించకుండా
రాణి కోసం దాచాను.
నలభై మందుసీసాలు కొన్నాను.
చిల్లర మిగల్లేదు.
నా జీతం కాదుగా, అయినా గుండె ఝల్లుమంది.

ఒక్కోదానికి నాలుగు విద్యలే పడతాయి.
ఐదోది నేర్వాలంటే ఒకటి మరవాలి.
బుధవారం రాత్రి నొరో అనే నత్త
ఆమ్లవర్షం నేర్చుకుంటానంది.
ఏది మరిపించను?
'దీపం' అనే విద్య ఉంది దానికి.
చీకటి గుహలో దారి చూపుతుంది, అంతే.
దెబ్బ సున్నా.
మీట నొక్కాను.

నత్త గుల్ల కొసన ఉండే చిన్న పసుపు చుక్క
ఆరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది.
నిరుడు గాలివానకి కరెంటు పోయినప్పుడు
చినాత్సు ఈ డబ్బానే డబ్బులు తీసుకునే బల్ల మీద నిలబెట్టి
గుహలోకి వెళ్ళి నొరో చేత దీపం వెలిగించింది.
ఆ వెలుతురులో ఏడుగురు ముసలమ్మలు
తడిజుట్టుతో, నవ్వుకుంటూ
ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కున్నారు.

బురదనేల ఊళ్ళో ఒక తాత ఉన్నాడట.
నీలిపుట్టగొడుగు తెచ్చిస్తే
మరిచిన విద్య తిరిగి చెబుతాడట.
పుట్టగొడుగేమో ఆటలోని వాన రాత్రే మొలుస్తుంది.
వాన కోసం కూర్చున్నాను.
నిజం మంచు కిటికీ మొత్తం మూసేసింది.
బాయిలర్ పిలిచింది. విన్నాను. లేవలేదు.
"నీళ్ళు చల్లారాయి!" మగవాళ్ళ వైపు నుంచి
చేపల వేలంపాట కుదోగారి కేక.
ముప్పై ఏళ్ళలో ఆ మాట పడటం ఇదే తొలిసారి.

తెల్లవారుజామున వాన పడింది.
తాత పుట్టగొడుగు వాసన చూసి తలూపాడు.
ఆమ్లవర్షం పోయింది, పసుపు చుక్క వచ్చింది.
యాభైకి చేర్చే పొద్దు మిగల్లేదు.

శుక్రవారం, కట్టు మీద కోటు బిగించుకుని
బట్టలబుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది చినాత్సు.
తెత్సు యాభై, గొంటా యాభై,
పెదవులు కదుపుతూ లెక్క చూసింది.
"నొరో నలభై తొమ్మిదేంటి?"
"కట్టెలు తడిసిపోయాయి" అన్నాను.
అదేం జవాబని అడగలేదు.
నత్త విద్యలు తెరిచింది.
చాలాసేపు ఆ పేజీ మీదే ఉండి,
దాన్ని తీసుకెళ్ళి వరసలో అందరికంటే ముందు నిలబెట్టింది.

"అది మొదటి దెబ్బకే పోతుందే!"
"తెలుసు. తలుపు దగ్గర చీకటిగా ఉంటుంది కదా, అత్తా."

బాయిలర్ పిలిచింది. ఈసారి లేచాను.
వెనక తలుపు తెరుచుకున్న సంగీతం.
తిరిగి చూడలేదు, అవి నా యుద్ధాలు కావు.
దాచిపెట్టుకున్న ఎండు ఓక్ కట్టెలు
మొత్తం తీసి వేశాను.