చలనం

వకుళమ్మ గారికి మెట్టెలు తీయడానికి పావుగంట పట్టింది.
సబ్బు నీళ్ళు తెచ్చిచ్చాను.
"పెళ్ళయ్యాక తీయడం ఇదే" అన్నారు,
కాలివేలి మీద తెల్లటి గాడిని
ఎవరిదో అన్నట్టు చూస్తూ.

పోరూరులో, ఆస్పత్రి నేల కింద,
మే నెలలో కూడా దుప్పటి అడిగించే గది.
పడుకోబెట్టి, చెవుల పక్కన మెత్తలు కుక్కి,
చేతికి బొత్తాం ఇచ్చి చెప్పాను:
పైన అద్దంలో ఒక మాట కనిపిస్తుంది.
దాని వెంట మీ రోజేదైనా వస్తే నొక్కండి.
తల మాత్రం కదపొద్దు.

"మాటలు మా తమ్ముడిచ్చాడా?"
అవునన్నాను.
"వాడికి లెక్కలు తప్ప ఏం గుర్తుంటాయి!"

యంత్రం మొదలైతే
గోడకవతల ఎవరో మేకులు కొడుతున్నట్టు ఉంటుంది.
కొత్తవాళ్ళు బెదురుతారు.
ఆవిడ మాత్రం, "కోడంబాక్కంలో మా ల్యాబు మిషనూ ఇంతే.
నిద్రొచ్చేస్తోంది" అన్నారు.

ఇరవై రెండేళ్ళు నెగటివ్ కత్తిరించిన మనిషి.
ఊపిరి బిగబట్టడం తెలుసు.

గ్లవ్సు. నొక్కారు.
పాండిబజారు. నొక్కారు.
కిరసనాయిలు. కాస్త ఆగి, నొక్కారు.
నా తెర మీద ఏమీ వెలగదు.
బూడిదరంగు ముక్కలు, అంతే.
ఆ ఎరుపులూ పసుపులూ
నెల తర్వాత, లెక్కలు కట్టాక, పూసేవి.

పదిహేడో మాట: బిందె.

నొక్కలేదు.
గీత ఒక్కసారి పైకి లేచింది,
వీధిలోంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే
తల తిప్పినట్టు.
నాలుగు మిల్లీమీటర్లు.
ఆ తర్వాత సన్నగా వణుకు, ఆగకుండా.

"అమ్మా, కదలకండి."
కాసేపటికి లోపల్నుంచి:
"కదిలించేదీ మీరే, కదలొద్దనేదీ మీరేనా?"

మూడు దాటితే ఆ వరస పనికిరాదు.
కారణం గడిలో "చలనం" అని రాసి
డాక్టర్ నప్పిన్నైకి పంపాలి.

మెట్టెలు తొడుక్కుంటూ అడిగారు, బాగా వచ్చిందా అని.
ఒక వరస పోయిందన్నాను.
"షేకైన షాటు మేమూ ఉంచేవాళ్ళం కాదులే" అన్నారు, నన్నే ఓదారుస్తున్నట్టు.
"కానీ ఊరికే పోయేది కాదమ్మాయ్.
గోనెల్లో కట్టి పెడితే ఒకతను తూకానికి కొనేవాడు.
నాననేసి కడిగితే వెండి దిగేదట."

ఏ బిందె అని నేనడగలేదు.
అడగకూడదని కూడా ఒక నియమం ఉంది.

లిఫ్టు తలుపులు మూసుకోబోతుంటే
చెయ్యి అడ్డం పెట్టారు.
"పసుపుది. మూత ఉండేది కాదు" అని,
వడపళని బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగి వెళ్ళిపోయారు.

ఫారం నింపేటప్పుడు
తమ్ముడిచ్చిన కాగితం మళ్ళీ తీశాను.
కరణం రాతలాంటి రాత, ఎక్కడా కొట్టివేత లేదు.
పదిహేడు దగ్గర మాత్రం
బిందె అని రాసి, కొట్టేసి,
మళ్ళీ బిందె అని రాసి ఉంది.