తాడు కట్టకముందు

నెట్ సెంటరు సత్తిపండు
టీ గ్లాసు కీబోర్డు పక్కన పెట్టి అడిగాడు:
"ఇంటరా, డిగ్రీయా? ఏది కొట్టమంటావు?"
ఇంటరు అయిపోయింది. డిగ్రీ అవలేదు.
"అవుతా ఉందని కొట్టండి" అన్నాను.
"అలాంటి గడి లేదమ్మాయ్.
అయితే అయినట్టు, లేకపోతే లేనట్టు."

బీఎస్సీ రెండో ఏడు.
రికార్డులో సగం బొమ్మలు ఇంకా పెన్సిల్లోనే ఉన్నాయి.
జువాలజీ ల్యాబులో రొయ్యని విప్పి
పందొమ్మిది జతల కాళ్లూ మీసాలూ
నల్ల కాగితం మీద వరసగా అంటించి
ఒక్కోదానికీ పేరు రాయాలి.
ఇంటికి తెచ్చి చూపిస్తే
ఐసుకి చివికిన వేళ్లతో పట్టుకుని అమ్మ నవ్వింది:
"దీనికి ఫీజు కూడా కట్టించుకుంటన్నారా?
మా షెడ్డుకి వచ్చి ఒలుచుకో,
వాళ్లే నీకు ఎదురిత్తారు."
ఆ ఎదురిచ్చిన డబ్బులే
ఇప్పుడు సత్తిపండు బల్ల మీద.
లెక్కపెట్టి, చెయ్యి వాసన చూసుకుని
ఏమీ అనలేదు, మంచివాడు.

నాకీ పిచ్చి పుస్తకాల వల్ల పట్టింది కాదు.
నా ఏడో తరగతిలో, రాత్రి పదిన్నర దాటాక
టార్చిలైటేసుకుని పేటలోకి వచ్చేవాడు
ఫైలేరియా ఆయన.
ఆ పురుగు పగలు రక్తంలోకి రాదట,
ఊరు పడుకున్నాక బయల్దేరుతుందట.
నిద్రమత్తులో ఉన్న మా వేళ్లు చాపించి
గాజు పలక మీద చుక్కలు తీసుకునేవాడు.
మా నాయనమ్మ మాత్రం దుప్పటి తీసి
కాలు చూపించేది:
"నన్నెందుకు గుచ్చడం బాబూ,
వచ్చేసిందిగా."
ఆ కాలికి ఏ కొట్లోనూ చెప్పు లేదు.
కొబ్బరి పీచుతో తనే పేనుకుంది ఒకటి,
ఒక్కటే.
వేళకి వచ్చే ఆసుపత్రికి
దొరకని పురుగు అది.

బోటనీ కామరాజు మాస్టారు
కళ్లజోడు నుదుటికెక్కించి అన్నారు:
"తొందరేంటి ఎస్తేరూ, డిగ్రీ చేతికి రానీ.
కాయ ముదరకుండా దింపితే
కొబ్బరీ ఉండదు, నూనే రాదు."
మా నాన్న చెట్లెక్కే మనిషి.
రాత్రి చెబితే, గుండెల మీద ఒరుసుకుపోయిన చోట
నూనె రాసుకుంటూ కాసేపు ఆలోచించాడు.
"లేతగా దింపినదాన్ని బొండం అంటారమ్మా.
జొరం వచ్చినోడికి
మొదట అదే తాగిత్తారు."

కాలేజీ ఆఫీసులో గుమాస్తా
బీరువా వైపు గడ్డంతో చూపించాడు.
నా ఇంటరు మార్కుల మెమో అందులో ఉంది,
టెన్తుదీ, కులం కాగితమూ కూడా.
"సీటొస్తే పట్టుకెళ్దువు గాని,
మూడో ఏడు ఫీజు కట్టేసి."
ఇంకా చదవని ఏడుకి?
"ఆయ్. చదవని ఏడుకే."
ఆ తాళం చెవి ఆయన మొలతాడుకి ఉంది.
దాన్ని చూడకుండా ఎటు చూడాలో తెలియలేదు నాకు.

కిందటిసారి ముప్పై మార్కుల్లో పోయింది.
ఆ ముప్పై ఎక్కడున్నాయో
ఫిజిక్సు పేజీల్లో ఇప్పటికీ వెతుకుతున్నాను.
ఈసారీ పోతే
మూడో ఏడు ఉంది, గోడలా కాదు, అరుగులా,
కూర్చుని ఏడవొచ్చు.
వస్తే మాత్రం ఈ డిగ్రీ
నడిమి పేజీలో ఆగిపోతుంది.
వచ్చినా రాకపోయినా ఏదో ఒకటి
సగంలో ఉంటుందన్నమాట.

రోజూ సఖినేటిపల్లి నుంచి నరసాపురం
పంటు మీద.
ఆవలి రేవు ఇంకా తగలకముందే
బళ్లన్నీ స్టార్టవుతాయి,
చేపల తట్టలు నెత్తికెక్కుతాయి.
తాడు పట్టుకున్న దావీదు మామయ్య
ప్రతిరోజూ అదే అరుపు:
"ఆగండర్రా, కట్టనివ్వండి!"
ఎవరూ ఆగరు.
మధ్యలో మూరెడు నీళ్లు.
అందులో ఎప్పుడైనా ఎవరిదో చెప్పు పడుతుంది,
పాటు మీదుంటే సముద్రం దాకా పోతుంది.
ఇన్నాళ్లూ నేను ఆగేదాన్ని.
నాయనమ్మ ఒంటి చెప్పు గుర్తొచ్చో,
భయమేసో.

ఇవాళ పదింటికి ప్రాక్టికల్ పరీక్ష.
చంకలో రికార్డు,
రొయ్యకీ గుండె బొమ్మకీ మధ్య
సత్తిపండు ఇచ్చిన అప్లికేషను కాగితం,
ఇంకా ఇంకు వాసనతో.
తొమ్మిదీ యాభై రెండు.
పంటు ఒక్కసారి వెనక్కి ఊగింది.
దూకాను.
దావీదు మామయ్య తిట్టు
సగమే వినపడింది.